జర్మనీ, స్విట్జర్లాండు, తిరుగు దారిలో దుబాయి: ఏ ఈసిమ్ తీసుకోవాలి?

ముక్తేశ్వరం మాస్టారు · సోమవారం, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. వచ్చే నెల మొదటి వారంలో మా దంపతులం జర్మనీలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాము. శంషాబాదులో విమానం ఎక్కి ఫ్రాంక్‌ఫర్టులో దిగుతాము. మూడు వారాలు అక్కడ ఉండి, అందులోనే నాలుగు రోజులు స్విట్జర్లాండు చూసి, తిరుగు ప్రయాణంలో దుబాయిలో మా మరదలి ఇంట్లో ఐదు రోజులు ఆగి వస్తాము.

మా అబ్బాయి ఈసిమ్ వేసుకోమన్నాడు, అంటే కార్డు పెట్టకుండా క్యూఆర్ కోడ్‌తో ఫోనులోకే ఎక్కించుకునే సిమ్. వెతికి చూస్తే ఒకచోట రోజుకింత అంటారు, ఒకచోట జీబీకింత అంటారు, ఇంకొకచోట అన్‌లిమిటెడ్ అంటారు. ఏది చవకో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. దారి తెలియడానికి మ్యాప్ కావాలి, వాట్సాప్‌లో మాట్లాడుకోవాలి. మేము ఊళ్లో లేని రోజుల్లోనే మా తోటలో కొబ్బరి దింపు ఉంది కనుక, కాయ రాశి పోసిన తరువాత తోట చూసుకునే అతను పంపే ఫొటోలు చూసి, వ్యాపారి చెప్పిన ధరకు అవునో కాదో అదే పూట చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, పెన్షన్ ఖాతా ఓటీపీలు ఆగకూడదు.

నా ఫోను శాంసంగ్ ఎస్ 22. అందులో రెండు సిమ్‌లున్నాయి. పాత నంబరు పెన్షన్ ఖాతాకు, కొత్త నంబరు వాట్సాప్‌కు, ఇంటి వ్యవహారాలకు. మా ఆవిడది రెడ్‌మీ ఫోను, కొని నాలుగేళ్లు దాటింది. ఇద్దరికీ రెండు ఈసిమ్‌లు కొనాలా, ఒకటి సరిపోతుందా?

పాలకొల్లు సెల్ దుకాణం · సోమవారం, ఉదయం 9:15

మాస్టారూ, నమస్కారమండి. ధర సంగతి తరువాత చూద్దాము, ముందు ఫోను సంగతి తేల్చుకోవాలి. నంబరు కొట్టే చోట *#06# కొట్టండి. ఫోను గుర్తింపుకు ఉండే ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల నంబరు కనిపిస్తే ఆ ఫోనుకు ఈసిమ్ పడుతుంది, కనిపించకపోతే పడదు. మా దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మంది ప్లాను కొనేసిన తరువాత ఈ పరీక్ష చేయించుకుంటున్నారు కనుక ముందే చెబుతున్నాను.

ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ మొదలుకొని ఈసిమ్ ఉంది. శాంసంగ్‌లో ఎస్ సిరీస్‌కు ఎస్ 20 నుంచి ఉంది, ఏ సిరీస్‌లో కొన్నిటికే ఉంది. చైనాలో అమ్మిన ఐఫోన్లను బంధువులు తెచ్చి ఇస్తే వాటిలో చాలావరకు ఈసిమ్ ఉండదు. అమెరికా నుంచి తెచ్చిన ఐఫోను 14, ఆపై వాటికి అసలు సిమ్ పెట్టే అరే ఉండదు, అంతా ఈసిమ్ మీదే నడవాలి. అక్కడ కంపెనీ వాయిదాల మీద తీసుకున్న ఫోనైతే వేరే కంపెనీ సిమ్ పట్టకుండా లాకై ఉండవచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ అన్న వరుస చూస్తే లాకు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

ఇక మీ ఎస్ 22కు ఈసిమ్ పడుతుంది గాని, ఒక చిక్కు ఉంది. ఆ ఫోనులో ఒకే సమయంలో రెండు లైన్లే పనిచేస్తాయి. ఇప్పటికే రెండు సిమ్‌లు ఉన్నాయి కనుక ఈసిమ్ ఆన్ చేయగానే వాటిలో ఒకటి ఆపవలసి వస్తుంది. ఏది ఆపుతారో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోండి, ఫ్రాంక్‌ఫర్టులో లగేజీ కోసం నిలబడి కాదు.

తణుకు ప్రయాణికుడు · సోమవారం, మధ్యాహ్నం 12:30

నా అభిప్రాయం వేరు. ఈ వయసులో ఇన్ని సెట్టింగుల శ్రమ పెట్టుకోవడం కంటే మన ఆపరేటరు ఇచ్చే అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం మేలు. నంబరు మారదు, కాల్స్ వస్తాయి, ఓటీపీలు వస్తాయి, ఏదైనా తేడా వస్తే తెలుగులో మాట్లాడే కస్టమర్ కేర్ ఉంటుంది. నేను మూడు రోజుల పనిమీద సింగపూరు వెళ్లినప్పుడు అదే చేశాను. విమానం దిగి ఫోను ఆన్ చేయగానే పనిచేసింది. మాస్టారు గారి వంటి పెద్దలకు నెమ్మది ముఖ్యం.

ముక్తేశ్వరం మాస్టారు · సోమవారం, రాత్రి 8:05

*#06# కొట్టి చూశాను. నా ఫోనులో ఈఐడీ కనిపించింది, మా ఆవిడ ఫోనులో ఐఎంఈఐ నంబర్లు మాత్రమే వచ్చాయి. తణుకు సోదరులు చెప్పిన నెమ్మది నాకూ ఇష్టమే గాని, ఇరవై ఆరు రోజులకు ఇద్దరికీ ప్యాక్‌లు లెక్క వేస్తే మనసు ఒప్పుకోవడం లేదు. పెన్షన్ ఖాతా నంబరు ఆపితే ఓటీపీలు పోతాయి, కొత్త నంబరు ఆపితే వాట్సాప్ పోతుందేమోనని భయం. దారి చెప్పండి.

నరసాపురం ఇంజనీరు · సోమవారం, రాత్రి 10:40

నేను టెలికాం నెట్‌వర్కులలో పనిచేస్తున్నాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

మొదట భయం తీరుస్తాను. వాట్సాప్ మీ నంబరును ఒకసారి ధ్రువీకరించుకున్న తరువాత డేటా ఏ సిమ్ నుంచి వచ్చినా, అదే నంబరు మీద నడుస్తుంది. కొత్త సిమ్ చూసి నంబరు మారుస్తారా అని అడిగితే వద్దు అనండి. అందువల్ల డేటా ఈసిమ్ నుంచి తీసుకున్నంత మాత్రాన వాట్సాప్ ఆగదు.

ఓటీపీకి డేటాతో సంబంధం లేదు. మన సిమ్ లైను ఆన్‌లో ఉండి, దానికి అంతర్జాతీయ రోమింగ్ సేవ తెరిపించి ఉంటే, డేటా రోమింగ్ ఆపి ఉంచినా ఎస్ఎంఎస్ వస్తుంది. వచ్చే ఎస్ఎంఎస్‌కు మన ఆపరేటర్లు సాధారణంగా డబ్బు తీసుకోరు. వచ్చిన కాల్ ఎత్తితే, మనం ఎస్ఎంఎస్ పంపితే మాత్రం ప్యాక్ లేనప్పుడు బాగా పడుతుంది. బయలుదేరేలోపు ఆపరేటరుకు ఫోను చేసి రోమింగ్ తెరిపించుకుని, రీచార్జి గడువు తిరిగి వచ్చే తేదీని దాటేలా చూసుకోండి. గడువు తీరిన నంబరుకు అక్కడికి ఓటీపీ వస్తుందని నమ్ముకుని వెళ్లకూడదు.

ఇప్పుడు ఈసిమ్ లోపల జరిగేది. ప్రయాణికులకు ఈసిమ్ అమ్మే సంస్థల్లో చాలావాటికి సొంత టవర్లు లేవు. ఏదో ఒక దేశపు ఆపరేటరు దగ్గర టోకున డేటా కొని మనకు చిల్లరగా అమ్ముతాయి. మీ ఫోను జర్మనీలో ఉన్నా ఆ సిమ్ పుట్టిల్లు మరో దేశంలో ఉంటుంది, మీరు అడిగిన ప్రతి పేజీ ఆ పుట్టింటి మీదుగా తిరిగి రావాలి. మన చేను గోదావరి ఒడ్డునే ఉన్నా నీరు ధవళేశ్వరం తలుపుల్లో దిగి కాలువ వెంట చుట్టి రావలసినట్టే. పుట్టిల్లు దూరమైతే వీడియో కాల్‌లో మాట ఒక క్షణం వెనుకబడుతుంది, వెబ్‌సైట్లు మీరు మరో దేశంలో ఉన్నారనుకుని ఆ భాషలో తెరుచుకుంటాయి. ఈ చుట్టుదారి వల్ల ఒక మేలూ ఉంది. చైనాలో అక్కడి సిమ్ మీద వాట్సాప్ పనిచేయదు, బయటి దేశపు సిమ్ రోమింగ్‌లో ఉంటే పనిచేస్తుంది. 2025లో కైలాస మానససరోవర యాత్ర మళ్లీ మొదలైంది కనుక ఆ దారి పట్టే యాత్రికులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాబట్టి ప్లాన్ పేజీలో ధర కంటే ముందు ఏ టవర్ల మీద నడుస్తుందో చూడండి. జర్మనీలో టెలికామ్, వోడాఫోన్, ఓ2 అనే ఆపరేటర్లు పెద్దవి. పల్లెల్లో, రైలు మార్గాల్లో టెలికామ్ పేరు బలంగా ఉంది. ఒక్క నెట్‌వర్కు మీదే నడిచే ప్లాన్ కంటే రెండు మూడింటి మీద పట్టు ఉన్న ప్లాన్ కొంచెం ఎక్కువైనా నేను దానినే ఎంచుకుంటాను.

కాకినాడ అమ్మమ్మ · మంగళవారం, ఉదయం 7:20

మాస్టారు గారికి ఉపయోగపడుతుందో లేదో గాని, నా అనుభవం చెబుతాను. మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లి దాదాపు ఆరు నెలలు ఉన్నాను. మొదటి నెలకు ట్రావెల్ ఈసిమ్ వేసుకుని వెళ్లాను. నెల తిరిగేసరికి మా అల్లుడు తన కుటుంబ ప్లానులో నాకొక లైను కలిపాడు, అది నెలనెలా కొనే ఈసిమ్ కంటే చవకగా వచ్చింది. ముఖ్యంగా అక్కడి నంబరు వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గర, మందుల దుకాణంలో ఫోను నంబరు అడుగుతారు. ట్రావెల్ ఈసిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప నంబరు ఉండదు కనుక అలాంటి చోట ఇబ్బంది పడ్డాను. నెలలోపు ప్రయాణానికి ఈసిమ్, అంతకు మించితే అక్కడి లైను అని నా లెక్క.

భీమవరం రొయ్యల రైతు · మంగళవారం, ఉదయం 11:10

అన్‌లిమిటెడ్ అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి రాస్తున్నాను. రొయ్యల సాగు చూడడానికి మేము కొందరం రైతులం వియత్నాం వెళ్లాము. మెకాంగ్ నది సముద్రంలో కలిసే చోట సోక్ ట్రాంగ్ వైపు చెరువులు చూస్తే మన భీమవరం, కాళ్ల మండలం చూసినట్టే ఉంటుంది. నేను అన్‌లిమిటెడ్ అని రాసి ఉన్న ఈసిమ్ కొన్నాను. రెండో రోజు పొద్దున్న ఒక రైతు దగ్గర గుండ్రటి తొట్టెల్లో, అడుగున ప్లాస్టిక్ పరిచి, మధ్యలో మురికి తోడే గొట్టం పెట్టిన పద్ధతి చూపించారు. ఆ గొట్టం మూత తీసినప్పుడు నల్లటి బురద ఎలా వెళ్తోందో మా తమ్ముడికి వీడియో కాల్‌లో చూపిద్దామని గట్టుమీద నిలబడితే, ఫోనులో గుండ్రం తిరుగుతూనే ఉంది. సిగ్నలు గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి.

రాత్రి హోటలు వైఫైలో షరతులు చదివితే తెలిసింది. రోజుకు ఇన్ని జీబీలు దాటిన తరువాత ఆ రోజు అర్ధరాత్రి దాకా వేగం తగ్గిస్తారని కింద చిన్న అక్షరాలలో రాసి ఉంది. ఆ అర్ధరాత్రి కూడా మనది కాదు, ఈసిమ్ అమ్మిన సంస్థ గడియారం ప్రకారం. మాతో వచ్చిన ఆకివీడు రైతు విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపి అక్కడి వియెట్టెల్ కంపెనీ సిమ్ తీసుకున్నాడు. చెరువుల మధ్య కూడా ఆయనకు బాగా పనిచేసింది. మిగతా రోజులు నేను ఆయన హాట్‌స్పాట్ మీద ఉన్నాను.

మాస్టారూ, మీరు హాట్‌స్పాట్ ద్వారా ఇద్దరూ వాడుకోవాలనుకుంటే, ఆ ప్లానులో హాట్‌స్పాట్‌కు అనుమతి ఉందో లేదో తప్పక చూడండి. అన్‌లిమిటెడ్ ప్లాన్లలో కొన్ని దానికి వేరే హద్దు పెడతాయి.

ముక్తేశ్వరం మాస్టారు · మంగళవారం, సాయంత్రం 5:30

ఎంతో మేలు చేశారు. మధ్యాహ్నం కాగితం తీసి లెక్క వేశాను, తప్పుంటే దిద్దండి. వాట్సాప్ మాట కాల్‌కు నిమిషానికి ఒక ఎంబీ లోపే అని, వీడియో కాల్‌కు సుమారు ఐదు ఎంబీలు అని చదివాను. రోజుకు అరగంట మాటకు 30 ఎంబీ, ఇరవై నిమిషాల వీడియోకు 100 ఎంబీ, మ్యాపుకు, ఫొటోలకు కలిపి ఇంకో 100 ఎంబీ అనుకుంటే రోజుకు 230 ఎంబీ. యూరపులో 21 రోజులకు 4,830 ఎంబీ, అంటే ఐదు జీబీలలోపే. అబ్బాయి ఇంట్లో వైఫై ఉన్న రోజులు తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

ఊహకు రెండు ప్లాన్లు తీసుకున్నాను. ఐదు జీబీలది రూ.1,200 అనుకుందాము, అన్‌లిమిటెడ్‌ది రూ.3,500 అనుకుందాము. మొదటిదానిలో జీబీ రూ.240 పడుతుంది. రెండో దానిలో నేను ఐదు జీబీలే వాడితే నాకు జీబీ రూ.700 పడినట్టు. వాడని డేటాకు డబ్బు కట్టడమే ఖరీదు అని నాకు తోచింది. చిన్న ప్లాను తీసుకుని, చాలకపోతే అదే ఈసిమ్‌కు మళ్లీ డేటా వేయించుకునే వీలున్న సంస్థను ఎంచుకుంటే సరిపోతుందా?

నరసాపురం ఇంజనీరు · మంగళవారం, రాత్రి 9:00

లెక్క సరిగానే ఉంది. అయితే మీకు తెలియకుండా ఫోను తినే డేటా అందులో లేదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్తే రోమింగ్‌లో ఉన్నప్పుడు ఏమేమి దానంతట అదే దిగాలో అడిగే చోటు ఉంది. అక్కడ అన్నీ తీసేయండి. ట్రావెల్ ఈసిమ్ ఫోను కంటికి రోమింగ్‌గానే కనిపిస్తుంది కనుక ఆ కట్టడి పనిచేస్తుంది. కుటుంబ గ్రూపుల్లో ఉదయం వచ్చే దేవుళ్ల వీడియోలు ఒక్కటే రోజుకు మీ 230 ఎంబీలను మించిపోగలవు. ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు వైఫైలోనే జరిగేలా పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ అబ్బాయి ఊరు, స్విట్జర్లాండులో తిరిగే ప్రాంతాలు ముందే ఇంట్లో వైఫై మీద దింపుకుంటే డేటా లేని చోట కూడా దారి చూపుతుంది.

యూరప్ ప్లాన్ కొనేటప్పుడు దేశాల జాబితాలో స్విట్జర్లాండు పేరు ఉందో లేదో వేలు పెట్టి చూడండి. ఐరోపా సమాఖ్యలో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశపు సిమ్‌ను మరో సభ్యదేశంలో ఇంటి ధరకే వాడుకునే నియమం ఉంది. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్ కూడా అందులో చేరాయి, స్విట్జర్లాండు చేరలేదు. అందువల్ల యూరప్ అని పేరున్న ప్లాన్లలో కొన్నిటికి స్విట్జర్లాండు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. మీ అబ్బాయి జర్మనీ సిమ్ కొనిపెట్టినా అదే ప్రశ్న అడగాలి.

దుబాయిలో రాజోలు · బుధవారం, ఉదయం 10:15

దుబాయి గురించి నేను చెబుతాను, పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. యూరప్ ప్లాను ఇక్కడ పనిచేయదు. యూఏఈకి విడిగా చిన్న ప్లాను తీసుకోండి, ఐదు రోజులకు ఒకటి రెండు జీబీలు ఎక్కువే. ప్రపంచమంతా పనిచేసే ప్లాను ఒకటి కొనేస్తే పోతుందని కొందరు అంటారు గాని, దానిలో జీబీ ధర ఎప్పుడూ ఎక్కువే ఉండడం చూశాను.

ఇక్కడి నెట్‌వర్కు మీద, ఇంటి వైఫై మీద వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి గాని కాల్స్ పలకవు. ఇక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లు వాడుతున్నాము. బయటి దేశపు ఈసిమ్ మీద వాట్సాప్ కాల్ పలికిన సందర్భాలు నాకు తెలుసు, ఇంజనీరు గారు చెప్పిన చుట్టుదారే కారణం కావచ్చు. దానిని నమ్ముకుని కొబ్బరి వ్యాపారికి మాట ఇవ్వకండి. ఐదు రోజులు వాయిస్ మెసేజ్‌లతో గడపవచ్చు, లేదా మీ మరదలు గారి ఫోనులో బోటిమ్ ఉంటే మీవాళ్ల చేత కూడా వేయించండి.

మా గదిలో ఉన్న ఒకతను కొత్త ఈసిమ్ పనిచేయడం లేదని దానిని ఫోనులోంచి తీసేసి మళ్లీ వేయబోయాడు. క్యూఆర్ కోడ్ ఒక్కసారికే పనిచేసే రకం కావడం వల్ల రెండోసారి ఎక్కలేదు, డబ్బు పోయింది. ఏమి జరిగినా తీసేయవద్దు. లైను ఆపి, ఫోను ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడండి.

పాలకొల్లు సెల్ దుకాణం · బుధవారం, మధ్యాహ్నం 1:40

కొనే చోటు గురించి ఒక మాట. విదేశీ ఆపరేటర్ల సిమ్‌లు, ఈసిమ్‌లు మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ నిరభ్యంతర పత్రం ఉండాలి. అది లేదన్న కారణంతోనే 2024 జనవరిలో ఈసిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను మన దేశపు యాప్ స్టోర్‌లలోంచి తీసేయించారు. అనుమతి ఉన్న అమ్మకందారు పాస్‌పోర్టు నకలు అడుగుతారు. అడిగినందుకు అనుమానపడకండి, అదే పద్ధతి. ఏ వివరమూ అడగకుండా టెలిగ్రామ్‌లో సగం ధరకు క్యూఆర్ కోడ్ పంపుతామనేవాళ్ల దగ్గర మాత్రం కొనవద్దు. అలాగే మీ క్యూఆర్ కోడ్‌ను కుటుంబ గ్రూపులో పెట్టవద్దు, ముందు ఎవరు స్కాన్ చేస్తే వారి ఫోనుకే ఎక్కుతుంది.

సిమ్ రెండింటి చిక్కుకు నాకొక ఉపాయం తోచింది. అమ్మగారి ఫోనులో రెండు సిమ్ అరలు ఉంటాయి కదా. మీ పెన్షన్ ఖాతా సిమ్‌ను ఆవిడ ఫోనులో రెండో అరలో పెట్టండి. ఆ ఫోనులో డేటా రోమింగ్ రెండు సిమ్‌లకూ ఆపేయండి. మీ ఫోనులో కొత్త నంబరు, ఈసిమ్ ఉంటాయి. ఓటీపీ ఆవిడ ఫోనుకు వస్తుంది, మీరు చూసి కొట్టుకుంటారు. ఆవిడకు నెట్ మీ హాట్‌స్పాట్ నుంచి వస్తుంది. ఒక్క ఇబ్బంది ఉంది. యూపీఐ యాప్‌లు ఖాతా నంబరు సిమ్ అదే ఫోనులో ఉందా అని చూస్తాయి కనుక, ఆ ఖాతా మీద యూపీఐ చెల్లింపులు ఏమైనా ఉంటే బయలుదేరేలోపు పూర్తి చేయండి. యాప్‌ను మాత్రం తీసేయవద్దు, మళ్లీ వేస్తే అక్కడి నుంచి ఎస్ఎంఎస్ పంపి నమోదు చేసుకోవాలి.

మన దేశపు సిమ్‌నే ఈసిమ్‌గా మార్చుకుంటే అర ఖాళీ అవుతుందని ఎవరైనా చెప్పవచ్చు. ప్రయాణం ముందు రోజుల్లో అది వద్దు. సిమ్ మార్చిన తరువాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపుతారు. పైగా విదేశంలో ఫోను పాడైతే మామూలు సిమ్ అయితే తీసి వేరే ఫోనులో పెట్టుకోవచ్చు, ఈసిమ్ అయితే ఆ వీలుండదు. ఈసిమ్‌గా మారుస్తామని ఎవరైనా ఫోను చేసి ఓటీపీయో ఈఐడీయో అడిగితే అది మోసమే. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

తణుకు ప్రయాణికుడు · బుధవారం, సాయంత్రం 6:20

ఈ సిమ్ మార్పిడి ఉపాయం నాకు తట్టలేదు, బాగుంది. అయినా నా మాటలో ఒక భాగం నిలబెట్టుకుంటాను. ఇద్దరిలో ఒకరి భారతీయ నంబరుకు చిన్న ప్యాక్ ఒకటి, కనీసం ప్రయాణం జరిగే రోజులకు, వేయించుకోండి. విమానం తప్పినా, ఆసుపత్రి అవసరం పడినా, ఎవరికైనా మామూలు కాల్ చేయాలి కదా. యూరపులో అత్యవసరానికి 112 ఉంది గాని బంధువులకు చేయడానికి అది పనికిరాదు.

నరసాపురం ఇంజనీరు · బుధవారం, రాత్రి 9:45

తణుకు వారి మాటతో ఏకీభవిస్తాను. రెండు మూడు రోజుల ప్రయాణానికైతే నేనూ ఆపరేటరు ప్యాకే వేయించుకుంటాను.

మాస్టారూ, ఈసిమ్‌ను ఇంట్లో వైఫై మీద ఎక్కించుకుని, లైనుకు జర్మనీ అని పేరు పెట్టి, ఆపి ఉంచండి. సెట్టింగ్స్, కనెక్షన్స్, సిమ్ మేనేజర్‌లో యాడ్ ఈసిమ్ అని ఉంటుంది. ఫోనులోకి ఎక్కించినప్పుడే గడువు మొదలవుతుందా, అక్కడ నెట్‌వర్కు పట్టుకున్నప్పుడా అన్నది ప్లాన్‌లో చదవండి, ఎక్కువ ప్లాన్లకు రెండో పద్ధతే ఉంటుంది. దిగిన తరువాత జర్మనీ లైను ఆన్ చేసి, మొబైల్ డేటాకు దానినే ఎంచుకుని, డేటా రోమింగ్ ఆన్ చేయండి. కాల్ మాట్లాడేటప్పుడు డేటా రెండో సిమ్‌కు మారే సదుపాయం ఒకటి ఉంటుంది, దానిని తప్పక ఆపండి. దానిని మరచిపోయినవారికే పెద్ద బిల్లులు వస్తున్నాయి. విమానంలో ఫ్లైట్ మోడ్ తీయవద్దు, విమానంలో ఉండే నెట్‌వర్కును పట్టుకుంటే దాని ధరలే వేరు.

ముక్తేశ్వరం మాస్టారు · నెల తరువాత, ఆదివారం, రాత్రి 9:10

లూసర్న్ నుంచి రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుని వచ్చాను. ఫ్రాంక్‌ఫర్టులో జర్మనీ లైను ఆన్ చేస్తే గీతలు వచ్చాయి గాని నెట్ రాలేదు. పది నిమిషాలు కంగారుపడ్డాను. తీసేసి మళ్లీ వేద్దామని వేలు వెళ్లింది, దుబాయి సోదరుల మాట గుర్తొచ్చి ఆగిపోయాను. కాగితం చూస్తే డేటా రోమింగ్ ఆన్ చేయడం నేనే మరిచిపోయాను. చేయగానే వాట్సాప్ మోగింది.

బాసెల్ దగ్గర సరిహద్దు దాటేటప్పుడు మా ఆవిడ ఫోనుకు రెండు సిమ్‌ల నుంచీ స్వాగత సందేశాలు వచ్చాయి, నా ఫోను తనంతట తానే స్విస్ నెట్‌వర్కుకు మారింది. ఈ రోజు ఉదయం చెరువుగట్టు మీద కూర్చుని ఉండగా తోట నుంచి ఫొటోలు వచ్చాయి. రాశి 2,340 కాయలు అన్నారు. ఫొటో పెద్దది చేసి చూస్తే అడుగున ముదరని కాయ ఎక్కువగా కనిపించింది. వీడియో కాల్ పెట్టించి, రాశి చుట్టూ తిప్పించి, ఒక పక్క కదిలించి చూపించమన్నాను. చూసి ధర ఒప్పుకున్నాను. మాట ఒక క్షణం ఆలస్యంగా వినిపించిన సంగతి నిజమే. సాయంత్రం పెన్షన్ ఖాతా నుంచి డబ్బు పంపవలసి వస్తే ఓటీపీ మా ఆవిడ ఫోనుకు నిమిషంలోపు వచ్చింది. ఇప్పటిదాకా పదహారు రోజులకు ఇద్దరికీ కలిపి 2.9 జీబీ అయింది.

దుబాయిలో రాజోలు · సోమవారం, ఉదయం 8:00

చాలా సంతోషమండి. దుబాయి ఈసిమ్ కూడా అక్కడి వైఫై మీదే ఎక్కించుకుని రండి. ఇక్కడ దిగిన తరువాత జర్మనీ లైను ఆపి, దుబాయి లైను ఆన్ చేయాలి. 

ముక్తేశ్వరం మాస్టారు · పన్నెండు రోజుల తరువాత, శనివారం, ఉదయం 7:00

క్షేమంగా ఇంటికి చేరాము. దుబాయిలో మా మరదలి ఇంటి వైఫై మీద వాట్సాప్ కాల్ పలకలేదు, ఈసిమ్ మీద పలికింది, ఒక రోజు మాత్రం పలకలేదు. బోటిమ్ వేసి ఉంచుకోవడం వల్ల ఆ రోజు ఇబ్బంది కలగలేదు. ఈసిమ్‌లు రెండూ ఇంకా ఫోనులో ఉన్నాయి. మా అబ్బాయి సంక్రాంతి తరువాత మళ్లీ రమ్మంటున్నాడు. ఇవి తీసేయవచ్చా?

పాలకొల్లు సెల్ దుకాణం · శనివారం, ఉదయం 9:30

గడువు తీరిన తరువాత కూడా అదే ఈసిమ్‌కు డేటా వేయించుకోనిస్తారేమో ఆ సంస్థ పేజీలో చూడండి. ఇస్తే జర్మనీ లైను ఆపి అలాగే ఉంచండి, ఫోనుకు బరువేమీ కాదు. ఇవ్వకపోతే తీసేయవచ్చు. తీసేటప్పుడు పేరు చూసి తీయండి. అమ్మగారి ఫోనులోని మీ సిమ్ మీ ఫోనులో పెట్టి, ఆ అర ఆన్‌లో ఉందో లేదో సిమ్ మేనేజర్‌లో చూసుకోండి. ఈసిమ్ వాడినప్పుడు ఆ అర ఆగి ఉంటుంది, చాలామంది మళ్లీ ఆన్ చేయడం మరచిపోతారు.

ముక్తేశ్వరం మాస్టారు · శనివారం, ఉదయం 11:45

జర్మనీ లైనుకు మళ్లీ డేటా వేయించుకోవచ్చని రాసి ఉంది, ఆపి ఉంచాను. దుబాయిది పేరు చూసి తీసేశాను. పాత సిమ్ నా ఫోనులో పెడితే మీరన్నట్టే ఆ అర ఆగి ఉంది. ఆన్ చేశాను. పెన్షన్ జమ అయినట్టు సందేశం ఇప్పుడే వచ్చింది.